ఐదు డాలర్ల టికెట్టు వెనక లెక్క: ఫుగాజీ ఎలా నిలబడింది

ఫుగాజీ పేరెత్తగానే ముందు వచ్చే మాట ఐదు డాలర్ల టికెట్టు. వాషింగ్టన్ డి.సి.కి చెందిన ఈ పంక్ (వేగంగా, కరకుగా సాగే రాక్) బ్యాండు 1987 నుంచి 2002 దాకా వెయ్యికి పైగా కచేరీలు చేసింది. అమెరికాలో టికెట్టు 5 డాలర్లు, తర్వాతి ఏళ్లలో 6. ఏ వయసువాళ్లనైనా లోపలికి రానివ్వాలి. టీషర్టులు అమ్మరు. మేనేజరు, ఏజెంటు, లాయరు ఎవరూ లేరు. పెద్ద కంపెనీలు వెంటపడినా సంతకం పెట్టలేదు. అయినా రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి, నలుగురు సభ్యులూ సంగీతం మీదే బతికారు.

దీన్ని త్యాగంగా చెప్పడం అలవాటైపోయింది. అలా చెప్తే అసలు విషయం మరుగున పడుతుంది. ఫుగాజీ వద్దన్న ప్రతిదాని వెనకా వాటా అడిగే మనిషి ఒకడు ఉన్నాడు. ఆ మనిషి తప్పుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఖర్చు తగ్గితే టికెట్టు తగ్గించొచ్చు, టికెట్టు తగ్గితే హాలు నిండుతుంది. సిద్ధాంతం ఉంది, కాదనలేం. కానీ ఆ సిద్ధాంతం పదిహేనేళ్లు నడిచిందంటే లెక్క కుదరబట్టే. ఆ లెక్క ఫుగాజీకి ఏడేళ్ల ముందే మొదలైంది.

600 డాలర్లు, ఒక కత్తెర

1980లో వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అని ఒక బ్యాండు ఉండేది. అందరూ హైస్కూలు వయసు కుర్రాళ్లు. బేస్ గిటార్ వాయించింది తర్వాత ఫుగాజీలో పాడిన ఇయాన్ మెకాయ్, డ్రమ్స్ జెఫ్ నెల్సన్. కచేరీల్లో వచ్చిన డబ్బు పంచుకోకుండా ఒకచోట దాచేవాళ్లు. ఆ ఏడాది చివర బ్యాండు విడిపోయేనాటికి సుమారు 600 డాలర్లు పోగయ్యాయి. నలుగురూ పంచుకుంటే తలకి 150. అది మానేసి, అప్పటికే రికార్డు చేసి పెట్టుకున్న పాటలతో 7 అంగుళాల రికార్డు వెయ్యి కాపీలు వేయించారు. దాని కోసం పెట్టుకున్న లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) పేరే డిస్కార్డ్ రికార్డ్స్. మెకాయ్, నెల్సన్‌లతో పాటు ఆ బ్యాండు గాయకుడు నేథన్ స్ట్రెజ్‌సెక్ దాన్ని మొదలుపెట్టారు.

7 అంగుళాల రికార్డు నిమిషానికి 45 చుట్ల వేగంతో తిరిగితే ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు బాగా వినిపిస్తుంది. అంతకంటే ఎక్కువ ఇరికిస్తే రికార్డు మీది గాడులు దగ్గరపడతాయి, శబ్దం తగ్గించి చెక్కాల్సి వస్తుంది, అప్పుడు పాటకంటే గరగర ముందు వినపడుతుంది. టీన్ ఐడిల్స్ పాటలు నిమిషం అటూ ఇటూ ఉండేవి కాబట్టే ఎనిమిది పట్టాయి. వేగం వాళ్ల సంగీతానికే కాదు, జేబుకీ కలిసొచ్చింది.

ప్లాస్టిక్ డిస్కు చేయడం ఫ్యాక్టరీ పని, తప్పదు. మిగులు కనిపించింది అట్టలో. అచ్చువేసి, మడిచి, అతికించి ఇచ్చే కవరుకి ప్రెస్సువాళ్లు అడిగే ధర అందుబాటులో లేదు. దాంతో ఒక 45 రికార్డు కవరుని జిగురు ఊడదీసి, చదునుగా పరిచి, దాని ఆకారం గీసుకున్నారు. ఆ కొలతకి పెద్ద కాగితాల మీద అచ్చువేయించి, కత్తెరతో కోసి, మడిచి, జిగురు రాసి అతికించారు, వెయ్యికి వెయ్యీ చేత్తోనే. ఇలాంటి పనిలో జిగురు ఎక్కువైతే లోపల అట్ట అంటుకుపోతుంది, మడత ఒక్క పిసరు పక్కకి జరిగితే డిస్కు లోపలికి పోదు. ఓపిక ఉన్న స్నేహితులు నలుగురు ఉంటే తప్ప ఈ పద్ధతి గిట్టుబాటు కాదు. మెకాయ్ తర్వాతి బ్యాండు మైనర్ థ్రెట్ తొలి రికార్డులదీ ఇదే దారి.

బాగా ఆడితే ఇంకా కష్టం

చిన్న లేబుళ్లు ఎక్కువగా చచ్చిపోయేది రికార్డు ఆడనప్పుడు కాదు, ఆడినప్పుడు. వెయ్యి కాపీలు అమ్ముడుపోయాయి, దుకాణాలు ఇంకో మూడు వేలు అడుగుతున్నాయి. ఫ్యాక్టరీకి డబ్బు ముందే కట్టాలి. పంపిణీదారు మాత్రం సరుకు తీసుకున్నాక మూణ్నెల్లకి ఇస్తానంటాడు. ఈలోపు అమ్ముడుపోని కాపీలు వెనక్కి పంపుతాడు, లేదా తనే దివాలా తీస్తాడు. 1991లో బ్రిటన్‌లో రఫ్ ట్రేడ్ పంపిణీ సంస్థ కూలినప్పుడు దాని మీద ఆధారపడ్డ చిన్న లేబుళ్లు ఎన్నో దెబ్బతిన్నాయి. కాగితం మీద లాభం, చేతిలో శూన్యం.

1980ల మొదట్లో డిస్కార్డ్ సరిగ్గా ఈ ఇరుకులో పడింది. గట్టెక్కించింది లండన్‌లో సదర్న్ స్టూడియోస్ నడిపే జాన్ లోడర్. ఆయన క్రాస్ అనే బ్రిటిష్ పంక్ బ్యాండుతో పనిచేసినవాడు. రికార్డు వేయించే ఖర్చు సదర్న్ ముందు పెట్టుకుంటుంది, పంపిణీ చూసుకుంటుంది, అమ్మకాల్లోంచి ఆ ఖర్చూ తన వాటా తీసుకుని మిగతాది డిస్కార్డ్‌కి ఇస్తుంది. రికార్డు హక్కు మాత్రం లేబుల్‌దీ బ్యాండుదీ. బ్యాంకు అప్పు లేకుండా మళ్లీ మళ్లీ ముద్రించుకునే వీలు దీనితో వచ్చింది. ఫుగాజీ కథల్లో గిటార్ల గురించి రాసినంతగా ఈ ఏర్పాటు గురించి రాయరు కానీ, ఇది లేకపోతే తర్వాతి కథ లేదు.

క్రాస్ తన రికార్డుల అట్టల మీద 'ఇంతకంటే ఎక్కువ ఇవ్వొద్దు' అని ధర అచ్చేసేది. డిస్కార్డ్ కూడా పోస్టులో తెప్పించుకుంటే ఎంతవుతుందో అట్ట మీదే వేసింది. దుకాణదారు దాని మీద ఇంకో మూడు డాలర్లు కలిపి అమ్మబోతే కొనేవాడికి కళ్లెదురుగా తెలిసిపోతుంది. ప్రకటనలకి పైసా ఖర్చు లేకుండా ధరని అదుపులో పెట్టడానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు.

లేబుల్‌లో ఒప్పంద పత్రాలు ఉండవు. ఖర్చులు పోను మిగిలింది బ్యాండుతో పంచుకోవడమే. ఇది నడవడానికి ఇంకో నియమం కారణం: డిస్కార్డ్ వేసేది వాషింగ్టన్ పరిసరాల బ్యాండులనే. లెక్కలో తేడా వస్తే ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవచ్చు. వేరే ఊళ్ల బ్యాండులతో నోటి మాట ఒప్పందాలు చేసుకున్న లేబుళ్లు ఎలా గొడవల్లో పడ్డాయో 1980ల అమెరికన్ పంక్ చరిత్ర నిండా ఉంది.

నలుగురు

1987 సెప్టెంబరు 3న వాషింగ్టన్‌లోని విల్సన్ సెంటర్‌లో ఫుగాజీ మొదటి కచేరీ. మెకాయ్ గిటార్, పాట. జో లాలీ బేస్, బ్రెండన్ క్యాంటీ డ్రమ్స్. గీ పిచోటో కొద్దికాలానికి వచ్చి చేరాడు, మొదట్లో అతను పాడేవాడే, గిటార్ పట్టింది తర్వాత. క్యాంటీ, పిచోటో ఇద్దరూ రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండులో ఉన్నవాళ్లు. మెకాయ్ అప్పటికే మైనర్ థ్రెట్ గాయకుడిగా దేశమంతా తెలిసినవాడు. మద్యం, మత్తు మందులు ముట్టని 'స్ట్రెయిట్ ఎడ్జ్' అనే ధోరణికి పేరొచ్చింది ఆ బ్యాండు పాటతోనే, ఆ పాట నిడివి నిమిషం కూడా లేదు.

సంగీతం గురించి ఒక మాట, ఎందుకంటే టికెట్టు చవకైనంత మాత్రాన జనం రెండోసారి రారు. హార్డ్‌కోర్ అనే ఇంకా వేగమైన పంక్‌లో బేస్ సాధారణంగా గిటార్ వెనక పరుగెత్తుతుంది. ఫుగాజీలో లాలీ బేస్ రెగె, డబ్ అనే జమైకా సంగీతాల పద్ధతిలో ముందు నడుస్తుంది, గిటార్లు దాని చుట్టూ ఖాళీలు వదిలి కొడతాయి. వాళ్ల పాటల్లో అందరికీ తెలిసిన 'వెయిటింగ్ రూమ్' బేస్‌తో మొదలై, ఊపందుకున్నాక ఒక్కసారిగా ఆగి, ఆ మౌనం తర్వాత మళ్లీ విరుచుకుపడుతుంది. హాల్లో వెయ్యిమంది ఊపిరి బిగబట్టే చోటు అది. ఏ పాట తర్వాత ఏది అన్న జాబితా వేదిక మీద ఉండదు. ఎవరో ఒకరు తర్వాతి పాట మొదటి స్వరం అందుకుంటే మిగతా ముగ్గురూ పట్టుకోవాలి. దానికి పాటలన్నీ ఎప్పుడూ వేళ్ల మీద ఉండాలి, అంటే వారాల తరబడి సాధన. ఈ ఖర్చు ఏ లెక్కల పుస్తకంలోనూ కనపడదు.

హాలు, బారు, వయసు

అమెరికన్ క్లబ్బు టికెట్ల మీద బతకదు, బారు మీద బతుకుతుంది. బ్యాండు జనాన్ని పిలుచుకొచ్చే సాధనం. 1984లో వచ్చిన కేంద్ర చట్టం ఒత్తిడితో మద్యం కొనే వయసు రాష్ట్రాలన్నిటా 21కి చేరింది. దాంతో క్లబ్బులు 21 నిండనివాళ్లని గుమ్మంలోనే ఆపేశాయి. పంక్ వినేవాళ్లలో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. పదిహేడేళ్ల పిల్లవాడు లోపలికొస్తే యజమానికి రెండు నష్టాలు: వాడు బీరు కొనడు, పొరపాటున ఎవరైనా పోస్తే లైసెన్సు పోతుంది.

దీనికి ఒక పరిష్కారం ఫుగాజీకి ముందే దొరికింది. 1980లో టీన్ ఐడిల్స్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లినప్పుడు అక్కడి క్లబ్బులో వాళ్ల చేతి మీద నల్లగా ఇంటూ గుర్తు గీసి, బారు దగ్గర మద్యం ఇవ్వకుండా చూసుకున్నారు. ఊరికి తిరిగొచ్చి అదే పద్ధతిని వాషింగ్టన్‌లో క్లబ్బువాళ్లకి చెప్పారు. ఫుగాజీ నాటికి ఇంకో దారి కూడా వాడారు: క్లబ్బులు వదిలేసి చర్చి హాళ్లు, కమ్యూనిటీ సెంటర్లు, కాలేజీ వ్యాయామశాలలు. బారు లేదు కాబట్టి బారు గొడవ లేదు. అయితే అక్కడ మైకులు, స్పీకర్లు బయటనుంచి తేవాలి, కరెంటు చాలదు, వ్యాయామశాల గోడలకి శబ్దం తగిలి ముద్దగా తిరిగొస్తుంది. పొరుగువాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు పదింటికే ఆపేస్తారు.

ఇక టికెట్టు. పద్ధతి అర్థం కావడానికి ఊహగా వేసిన లెక్క ఇది, ఏ రాత్రి అసలు లెక్కా కాదు. మామూలు బ్యాండు 15 డాలర్ల టికెట్టు పెడితే 600 మంది వచ్చారనుకుందాం. వసూలు 9,000. క్లబ్బు అద్దె, కాపలా, రేడియో ప్రకటనలు 4,000 పోతే 5,000 మిగులు. అందులో బ్యాండుకి 85 శాతం, అంటే 4,250. దీంట్లోంచి ఏజెంటుకి 10 శాతం, మేనేజరుకి 15, లాయరు, అకౌంటెంటుకి 5, మొత్తం 1,275. చేతికి 2,975. పడుకునే బస్సు, డ్రైవరు, ఆరుగురు సిబ్బంది, హోటలు గదులు కలిపి 1,800. మిగిలింది 1,175.

ఫుగాజీ తరహాలో 5 డాలర్లకి వెయ్యిమంది వస్తే వసూలు 5,000. చర్చి హాలు, సౌండు, గోడలకి అంటించే కాగితాలు 2,000. మిగిలిన 3,000లో బ్యాండు వాటా 2,550. వ్యాను పెట్రోలు, తిండి, ఇద్దరు సహాయకుల జీతం కలిపి 600. మిగిలింది 1,950. తక్కువ వసూలు, ఎక్కువ మిగులు. ఇందులో మోసం ఏమీ లేదు, మధ్యలో చేతులు తగ్గాయంతే.

ఆ చేతులు చేసే పని మాత్రం ఎవరో చేయాలి. పర్యటనలకి ఫోన్లు చేసి ఊళ్లు కుదిర్చింది మెకాయే. బ్లాక్ ఫ్లాగ్ వంటి కాలిఫోర్నియా బ్యాండులు 1980ల మొదట్లో ఊరూరా తిరిగి, ఏ ఊళ్లో ఎవరు కచేరీ పెట్టగలరో ఒక దారి వేసి ఉంచాయి. ఫుగాజీ ఆ దారి మీదే నడిచింది. 5 డాలర్లకి ఒప్పుకోని నిర్వాహకుణ్ణి వదిలేసి అదే ఊళ్లో ఇంకొకర్ని వెతకడం రోజువారీ పని. ఆ ధర ముందే రాయించుకోకపోతే జరిగేది ఒక్కటే: బ్యాండు ఊళ్లో దిగేసరికి పోస్టరు మీద 8 డాలర్లని ఉంటుంది.

చవక టికెట్టు వల్ల ఎవరూ పెద్దగా గుర్తించని లాభం ఇంకొకటి ఉంది. 1980ల చివర పంక్ కచేరీలంటే వేదిక ముందు తోపులాట, జనం నెత్తిన దూకడం మామూలు. కండబలం ఉన్నవాళ్లు ముందుకొచ్చి ఆడపిల్లల్నీ చిన్నవాళ్లనీ వెనక్కి నెట్టేసేవాళ్లు. ఫుగాజీ పాట మధ్యలో ఆపేసేది. ఫలానా చొక్కా వేసుకున్నవాడా అని పిలిచి మర్యాదగా చెప్పేవాళ్లు. వినకపోతే కవరులో 5 డాలర్లు పెట్టి చేతికిచ్చి బయటికి పంపేసేవాళ్లు. డబ్బు తిరిగిచ్చాక వాడికి అక్కడ నిలబడే హక్కు లేదు, వాదించడానికీ ఏమీ మిగలదు. టికెట్టు 30 డాలర్లయితే ఇదే పని ఒక రాత్రికి ఎన్నిసార్లు చేయగలరు?

టీషర్టుల సంగతి వేరు. అక్కడ ఫుగాజీ నిజంగానే డబ్బు వదులుకుంది. తిరిగే బ్యాండులకి పెట్రోలు ఖర్చు వచ్చేది చాలాసార్లు టీషర్టుల నుంచే. పైగా పెద్ద హాళ్లు ఆ అమ్మకంలోనూ వాటా అడుగుతాయి. వీళ్లు అమ్మకపోయేసరికి ఆ ఖాళీలోకి దొంగ సరుకు వచ్చింది. 'ఇది ఫుగాజీ టీషర్టు కాదు' అని రాసిన చొక్కా వాటిలో ప్రసిద్ధం. బ్యాండు అమ్మనంత మాత్రాన అమ్మకం ఆగదు, డబ్బు వేరే జేబులోకి పోతుంది. ఈ ఒక్కచోట వాళ్ల పద్ధతికి సమాధానం దొరకలేదనే చెప్పాలి.

1993: సంతకం పెట్టి ఉంటే

1991లో నిర్వాణ అనే బ్యాండు ఆల్బమ్ 'నెవర్‌మైండ్' విజయంతో పెద్ద కంపెనీలు పంక్ బ్యాండుల కోసం ఊళ్ల మీద పడ్డాయి. 1993లో ఫుగాజీ ఆల్బమ్ 'ఇన్ ఆన్ ద కిల్ టేకర్' ప్రకటనల హడావుడి ఏదీ లేకుండానే, అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లోకి ఎక్కింది. ఆ ఏడాదే న్యూయార్క్‌లో వాళ్ల కచేరీకి పెద్ద కంపెనీ అట్లాంటిక్ రికార్డ్స్ వ్యవస్థాపకుల్లో ఒకడైన అహ్మెట్ ఎర్టెగన్ స్వయంగా వచ్చి ఒప్పందానికి పిలిచాడు. వద్దన్నారు.

వద్దనడంలో ఎంత పోయిందో ఆ రోజుల్లో మామూలుగా ఉండే షరతులతో చూద్దాం. ఇదీ ఊహా లెక్కే. అడ్వాన్సు 2,50,000 డాలర్లు. వినగానే కళ్లు తిరిగే మొత్తం, కానీ అది జీతం కాదు, బ్యాండు రాయల్టీ (అమ్మిన ప్రతి కాపీ మీదా వచ్చే వాటా)లోంచి తిరిగి రాబట్టుకునే బాకీ. స్టూడియో ఖర్చు, ప్రొడ్యూసరు అడ్వాన్సు, వీడియో ఖర్చులో వాటా దాంట్లోంచే. సీడీ ధర 15 డాలర్లు. 'ప్యాకింగు' పేరుతో 25 శాతం కోస్తే 11.25 మీద లెక్క. రాయల్టీ 12 శాతం, అందులో 3 ప్రొడ్యూసరుకి, బ్యాండుకి 9. ఒక్కో సీడీకి డాలరు పైన ఒక సెంటు. లక్ష సీడీలు అమ్మితే 1,01,250. అంటే లక్ష సీడీలు అమ్మాక కూడా బ్యాండు కంపెనీకి దాదాపు 1,48,750 బాకీ. ఇంకో ఆరు ఆల్బమ్‌లు అదే కంపెనీకి చేయాలన్న షరతు ఉంటుంది. పాటల రికార్డింగు కంపెనీ ఆస్తి.

సొంత లేబుల్‌లో అన్ని ఖర్చులూ పోను కాపీకి 2.50 మిగిలి, అందులో సగం బ్యాండుకి వచ్చినా లక్షకి 1,25,000. బాకీ లేదు, హక్కులు వాళ్లవే. పది లక్షల సీడీలు అమ్మే బ్యాండుకి ఈ లెక్క తిరగబడొచ్చు, కంపెనీ ప్రచార బలం అక్కడ పనిచేస్తుంది. ఆ స్థాయికి వెళ్లేది ఎందరు అన్నది వేరే ప్రశ్న. డిస్కార్డ్ బ్యాండుల్లోంచే జాబాక్స్ అట్లాంటిక్‌కి, షడర్ టు థింక్ ఎపిక్ అనే మరో పెద్ద కంపెనీకి వెళ్లాయి. మంచి రికార్డులు చేశాయి, కానీ కొన్నేళ్లకే రెండూ విడిపోయాయి. మరోవైపు 1994లో కాలిఫోర్నియా బ్యాండు ది ఆఫ్‌స్ప్రింగ్ ఆల్బమ్ 'స్మాష్' ఎపిటాఫ్ అనే స్వతంత్ర లేబుల్ మీదే కోటికి పైగా అమ్ముడుపోయింది. కాబట్టి చిన్న లేబుల్ అంటే చిన్న అమ్మకం అనే సూత్రం లేదు.

చవకగా పని చేసుకోవడం వల్ల తప్పు చేసే స్వేచ్ఛ దొరుకుతుంది. అదే 'కిల్ టేకర్' కోసం మొదట షికాగోలో రికార్డింగు ఇంజనీరు స్టీవ్ ఆల్బినీతో రికార్డు చేశారు. విన్నాక బ్యాండుకీ ఆల్బినీకీ కూడా నచ్చలేదు. మొత్తం పక్కన పడేసి, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా నడిపే ఇన్నర్ ఇయర్ స్టూడియోలో టెడ్ నైస్లీ ప్రొడ్యూసరుగా మళ్లీ చేశారు. డిస్కార్డ్ బ్యాండుల్లో చాలావాటికి ఇన్నర్ ఇయర్ పుట్టిల్లు లాంటిది, జియెంటారా ఇంటి బేస్‌మెంట్‌లో మొదలైన స్టూడియో అది. కంపెనీ డబ్బుతో ఇదే జరిగితే పారేసిన రికార్డింగు ఖర్చు కూడా బ్యాండు బాకీలోకే ఎక్కేది. లేదా, నచ్చని రికార్డే బయటికొచ్చేది.

ఈ పద్ధతిని అనుకరించి చేతులు కాల్చుకున్న బ్యాండులు చాలానే. కారణం కష్టమైనదేం కాదు. మొదటి రోజే ఫుగాజీ దగ్గర మెకాయ్ పేరు, ఏడేళ్ల లేబుల్ అనుభవం, సదర్న్ ఏర్పాటు, పరిచయమున్న ఊళ్లు ఉన్నాయి. ఎవరూ ఎరగని బ్యాండు 5 డాలర్లు పెడితే వచ్చేది వెయ్యిమంది కాదు, నలభై మంది. 200 డాలర్లతో హాలు అద్దె కూడా రాదు. టికెట్టు ధర ఈ గొలుసులో చివరి కొక్కెం. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే గొలుసు రాదు.

2001లో ఫుగాజీ ఆల్బమ్ 'ది ఆర్గ్యుమెంట్' వచ్చింది. 2002 నవంబరులో లండన్‌లో చివరి కచేరీ. పిల్లలు, ఇంటి బాధ్యతలు, నెలల తరబడి తిరగలేకపోవడం, అంతే. గొడవలు లేవు, కోర్టులు లేవు, ఎందుకంటే కొట్లాడుకోవడానికి ఒప్పంద పత్రమే లేదు.

మిగిలింది టేపుల గుట్ట. సౌండు చూసేవాళ్లు కచేరీలని రికార్డు చేస్తూ వచ్చారు, మొదట్లో క్యాసెట్ల మీద, తర్వాత డాట్ అనే డిజిటల్ టేపుల మీద, సీడీల మీద. 800కి పైగా కచేరీల రికార్డింగులు నిలిచాయి. 2011 డిసెంబరు నుంచి వాటిని ఒక్కొక్కటిగా శుభ్రం చేసి డిస్కార్డ్ ద్వారా ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. కొనేవాళ్లు 1 నుంచి 100 డాలర్ల దాకా ఇష్టమైనంత ఇవ్వొచ్చన్నారు. కొత్తగా వినేవాళ్లకి ఒక సూచన: ఇలాంటి టేపుల్లో హాలు ఎంత చిన్నదైతే గిటార్లు అంత సన్నగా, గొంతులు అంత గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. చిన్న గదిలో యాంప్లిఫయర్ల మోత నేరుగా జనానికి అందుతుంది కాబట్టి సౌండు చూసేవాళ్లు మిక్సర్‌లో గిటార్లు పెద్దగా పెంచరు, టేపుకి వెళ్లేది మిక్సర్‌లో ఉన్నదే. అందుకని మొదట పెద్ద హాళ్ల కచేరీలు విని, చెవి అలవాటయ్యాక చర్చి హాళ్లవి అందుకోవడం మేలు.